రాసి బతకగలగడం పెట్టిపుట్టినవాళ్ళకే సాధ్యమా?

తెల్లకాగితం
సోమవారం, ఉదయం 7:10

పదకొండేళ్ళుగా రాతపని మీదే నా బతుకు సాగుతోంది. ఇన్నేళ్ళలో నా పేరుతో వచ్చినవి రెండు కథా సంపుటాలు మాత్రమే. మిగిలిందంతా అనువాదాలు, పెద్దమనుషుల ఆత్మకథలను వారి పేరుతోనే రాసిపెట్టడం, సంస్థల వార్షిక నివేదికలను నలుగురూ చదవగలిగేలా తిరగరాయడం, పాఠ్యపుస్తకాల ప్రూఫులు దిద్దడం. మొన్న చాలాకాలం తర్వాత కలిసిన ఒక స్నేహితురాలు నా పని వివరాలన్నీ అడిగి తెలుసుకుని, "నువ్వు పెట్టిపుట్టావు, ఇష్టమైన పని చేసుకుంటూనే ఇల్లు గడుపుకుంటున్నావు" అంది. ఆ మాటలో అసూయ లేదు, మనసారా అన్న మాటే. అయినా ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

నా బల్ల సొరుగులో పొడుగాటి లెక్కల పుస్తకం ఒకటి ఉంది. అందులో ప్రతి పనికీ మూడు గడులు గీసుకుంటాను: పని పంపిన తేదీ, డబ్బు ఇస్తామన్న తేదీ, డబ్బు చేతికందిన తేదీ. ఆ రాత్రి లేచి దాన్ని తిరగేశాను. నాలుగు వందల పేజీల అనువాదం ఒకటి పంపాక, రెండో తేదీకీ మూడో తేదీకీ మధ్య ఏడు నెలలు గడిచాయి. ఆ ఏడు నెలల్లో సొమ్ము గుర్తుచేస్తూ నేను ఐదు ఉత్తరాలు రాశాను. గట్టిగా అడిగితే తర్వాతి పని రాదేమోనన్న భయంతో ఒకదానికన్నా ఒకటి మరింత మర్యాదగా రాశాను. ఇది పెట్టిపుట్టడమే అయితే ఇందులో పెట్టిందెవరో, పొందిందెవరో నాకు అర్థం కాలేదు. అయితే ఇంకో సంగతి కూడా ఉంది. ఆ ఏడు నెలలూ మా ఇంటి అద్దె ఏ నెలా ఆగలేదు. ఎందుకు ఆగలేదో నాకు తెలుసు, కానీ దానికి నా పుస్తకంలో గడి లేదు.

రాతతో బతకగలగడాన్ని అదృష్టమనాలా, కష్టార్జితమనాలా? దీని గురించి తీరిగ్గా ఆలోచించినవారి అభిప్రాయాలు తెలుసుకోవాలని ఉంది.


అచ్చుతప్పు
సోమవారం, ఉదయం 9:25

కష్టార్జితమే. ఇందులో సందేహానికి తావివ్వకూడదు. ఇరవై రెండేళ్ళు ప్రూఫ్‌రీడరుగా పనిచేసినవాడిగా చెబుతున్నాను, "ఇష్టమైన పని కదా" అన్న మాట మొదట మెచ్చుకోలుగా వినిపిస్తుంది, ఆ తర్వాత బేరంలో పనికొస్తుంది. ఇష్టం ఉంది గనుక తక్కువకైనా చేస్తారు, పేరు వస్తుంది గనుక ఆలస్యమైనా ఊరుకుంటారు అన్న లెక్క అవతలివైపు ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. వడ్రంగికి చెక్కంటే ప్రాణమని తెలిసినంత మాత్రాన ఎవరూ అతని కూలి తగ్గించరు.

ఇంగ్లీషులో కలం మీద బతికినవారి పేర్లు చెప్పమంటే ముందుగా గుర్తొచ్చేది శామ్యూల్ జాన్సన్. 1746లో పుస్తక వ్యాపారులు నిఘంటువు కోసం ఆయనతో 1,500 గినీలకు (గినీ అంటే పౌండు కన్నా కాస్త ఎక్కువ) ఒప్పందం చేసుకున్నారు. సహాయకుల జీతాలు కూడా ఆ సొమ్ములోంచే ఇచ్చుకోవాలి. దాదాపు తొమ్మిదేళ్ళు పట్టిన ఆ పని 1755లో అచ్చయింది. మరుసటి ఏడాది మార్చిలో, ఆరు పౌండ్లు కూడా లేని అప్పు తీర్చలేక ఆయన అరెస్టయ్యాడు. నవలాకారుడు శామ్యూల్ రిచర్డ్‌సన్ ఆరు గినీలు పంపి ఆదుకోవలసి వచ్చింది. ఒక భాషకు నిఘంటువు కట్టిచ్చిన మనిషి స్థితి అది. దాన్ని అదృష్టమంటే ఆ తొమ్మిదేళ్ళ చాకిరీని మన చేతులతో మనమే చెరిపేసినట్టవుతుంది.


రాత్రిబడి
సోమవారం, మధ్యాహ్నం 1:05

నేను రాతతో బతకను, ఉద్యోగం చేస్తూ రాస్తాను. తెల్లవారుజామున నాలుగింటి నుంచి ఆరున్నర దాకా సమయం నాది, ఆ తర్వాత ఇంటిదీ ఆఫీసుదీ. నాలాంటివాళ్ళం ధైర్యం కోసం కొన్ని పేర్లు వల్లించుకుంటూ ఉంటాం. కాఫ్కా ప్రాగ్‌లో కార్మికుల ప్రమాద బీమా సంస్థలో 1908 నుంచి 1922 దాకా ఉద్యోగం చేశాడు. మెల్విల్ న్యూయార్క్ సుంకాల శాఖలో 19 ఏళ్ళు ఇన్‌స్పెక్టరుగా ఉన్నాడు. టోనీ మారిసన్ ప్రచురణ సంస్థలో ఎడిటరుగా పనిచేస్తూ, ఇద్దరు కొడుకులను ఒంటరిగా పెంచుతూ, వాళ్ళు నిద్రలేవకముందే రాసుకునేవారు. కాబట్టి మనసుంటే ఎవరైనా వీలు చేసుకోవచ్చని కొత్తవాళ్ళకు చెబుతూ వచ్చాం.

నేను ఈ మధ్య ఆ మాట చెప్పడం మానేశాను. దానికి కారణం ఆంథొనీ ట్రాలోప్. చాలా ఏళ్ళు తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూనే రాసి, జీవితకాలంలో నలభై ఏడు నవలలు పూర్తిచేసిన మనిషి. రోజూ ఉదయం ఐదున్నరకల్లా బల్ల ముందు కూర్చుని, ఎదురుగా గడియారం పెట్టుకుని, పావుగంటకు 250 మాటల చొప్పున రాసేవాడు. క్రమశిక్షణ గురించి మాట్లాడేవారు ఇక్కడితో ఆపేస్తారు. ట్రాలోప్ మాత్రం ఆపలేదు. తనను లేపడానికి, కాఫీ తెచ్చివ్వడానికి ఒక ముసలి పనివాడు ఉండేవాడని, అందుకు అతనికి ఏడాదికి ఐదు పౌండ్లు అదనంగా ఇచ్చేవాణ్ణని, తన విజయానికి మరెవరికన్నా ఎక్కువగా అతనికే రుణపడి ఉన్నానేమోనని తన ఆత్మకథలో రాసుకున్నాడు. యజమాని ఐదున్నరకు కలం పట్టాలంటే ఆ పనివాడు ఇంకా ముందే లేచి పొయ్యి రాజేయాలి. అతనికే రాయాలన్న కోరిక ఉండి ఉంటే అతన్ని ఎవరు లేపేవారు?

నాలుగింటికి లేవగలగడం నా గొప్పతనమని చాలాకాలం నమ్మాను. రాత్రి పసివాడు ఏడ్చినప్పుడల్లా లేచింది నా భార్య. నేను నిద్ర చెడకుండా పడుకున్నాను గనుకే నాలుగింటికి లేవగలిగాను. ఇది తెలుసుకోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది.


చుక్కాని
సోమవారం, మధ్యాహ్నం 3:30

నేను పద్దెనిమిదో ఏట నుంచి ఏడేళ్ళపాటు గోదాములో బస్తాలు మోశాను. ఇప్పుడు వ్యాసాలు రాసి బతుకుతున్నాను. రెండూ చేసినవాడిగా, అచ్చుతప్పు గారితో గౌరవంగానే విభేదిస్తున్నాను.

రాయడం కష్టమే. అయితే ఆ కష్టాన్నీ ఈ కష్టాన్నీ ఒకే తక్కెడలో పెట్టలేం. బస్తాలు దించిన రోజు రాత్రి నా వేళ్ళు పూర్తిగా ముడుచుకునేవి కావు. పెన్ను పట్టుకుంటే బొటనవేలి దగ్గర జారిపోయేది. అందుకని పెన్ను చుట్టూ గుడ్డపేలిక చుట్టి రాసేవాణ్ణి. ఆ ఏడేళ్ళలో నేను నింపిన నోటుబుక్కు ఒక్కటే, అందులోనూ సగం పేజీలు వాక్యం పూర్తికాకుండానే ఆగిపోయాయి. నాతో మోసినవాళ్ళలో ఒకతను ఉండేవాడు. మధ్యాహ్నం విశ్రాంతి వేళ అతను కథ చెబితే ముప్పై మందీ కదలకుండా వినేవారు. అతను ఇప్పటికీ మోస్తూనే ఉన్నాడు. అతని కన్నా నాకు ఎక్కువ ఉన్నది ప్రతిభ అని చెప్పుకోవడానికి నాకు నోరు రాదు. నాకు ఒక అక్క ఉంది. రెండేళ్ళు నన్ను తన ఇంట్లో ఉంచుకుని పని మాన్పించింది. అతనికి అలాంటి అక్క లేదు.

జాన్సన్ అప్పులపాలైన మాట నిజమే. కానీ ఆయన పుస్తక వ్యాపారి కొడుకు. డబ్బు లేని ఇంట్లో పుట్టినా పుస్తకాలున్న ఇంట్లో పుట్టాడు. కూలి కోసం పోరాడదాం, నేనూ ముందుంటాను. కానీ కష్టార్జితమని గట్టిగా చెప్పుకున్నకొద్దీ, ఆ కష్టం చేసే అవకాశమే రానివాళ్ళు మన కళ్ళకు కనబడకుండా పోతారు.


అచ్చుతప్పు
సోమవారం, సాయంత్రం 4:50

చుక్కాని గారూ, మీ స్నేహితుడి సంగతి చదివాక వెంటనే బదులు రాయలేకపోయాను. మీరు చెప్పినది కాదనను. అయితే రాతలోకి ఎవరు రాగలిగారన్న ప్రశ్న వేరు, వచ్చినవారికి కూలి ఎంత ఇవ్వాలన్న ప్రశ్న వేరు. మొదటిదానికి సమాధానంగా "అదృష్టం" అంటే, డబ్బిచ్చేవాళ్ళు దాన్ని రెండోదానికి సమాధానంగా వాడుకుంటారు. నా పట్టుదలంతా అక్కడే.


మూలపదం
సోమవారం, సాయంత్రం 6:40

ఈ చర్చలో రెండు మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. "పెట్టిపుట్టడం" అన్నప్పుడు, పూర్వజన్మలో ఎవరికో పెట్టాం గనుక ఇప్పుడు అనుభవిస్తున్నాం అన్న భావం ఉంటుంది. అంటే అదీ ఒక కష్టార్జితమే, కాకపోతే ఎవరూ లెక్క చూడలేని కష్టార్జితం. అందుకే ఆ మాట అనగానే సంభాషణ ఆగిపోతుంది, ఇక అడగడానికేమీ మిగలదు.

రెండోది ప్రివిలేజ్, అంటే కొందరికే దక్కే ప్రత్యేక సౌకర్యం. ఇప్పుడు అందరూ వాడుతున్న ఈ మాటకు పుస్తకాల చరిత్రలో ఖచ్చితమైన అర్థమే ఉండేది. 1469లో వెనిస్ ప్రభుత్వం స్పేయర్ నగరం నుంచి వచ్చిన యోహాన్ అనే ముద్రాపకుడికి, ఐదేళ్ళపాటు అక్కడ అచ్చువేసే హక్కు అతనొక్కడికే చెందేలా అనుమతినిచ్చింది. పాలకులిచ్చే ఇలాంటి అనుమతులనే ప్రివిలేజ్ అనేవారు. ఆ తర్వాత చాలాకాలం వాటిని ఎక్కువగా పొందింది ముద్రాపకులూ పుస్తక వ్యాపారులే. రచయితలకు దక్కినవి తక్కువ. పుస్తకం మీద హక్కు ముందుగా రాసినవాడిదని చట్టం గుర్తించింది 1710లో, బ్రిటన్‌లో అమల్లోకి వచ్చిన యాన్ రాణి శాసనంతో. కొత్త పుస్తకానికి 14 ఏళ్ళు, అప్పటికి రచయిత బతికి ఉంటే మరో 14 ఏళ్ళు. పాలకుల దయగా ఉన్నది అడిగి తీసుకోదగిన హక్కుగా మారడానికి రెండు శతాబ్దాలకు పైగా పట్టిందన్నమాట. అచ్చుతప్పు గారి ఆవేదన నాకు ఇక్కడే అర్థమైంది. హక్కుగా తెచ్చుకున్నదాన్ని తిరిగి దయ అంటే వెనక్కి నడిచినట్టే.

మన సాహిత్యంలోనూ ఈ తగువు కొత్తది కాదు. కావ్యాన్ని అమ్ముకుని తినడం కన్నా నాగలి పట్టడమే మేలన్న భావం పోతన పేరు మీద తరతరాలుగా నిలిచి ఉంది. ఆ మాటకు మనమంతా తలవంచుతాం. నేనూ వంచుతాను, కానీ నాగలి పట్టాలన్నా కాళ్ళకింద కాస్త పొలం ఉండాలి కదా అన్న ఆలోచన నన్ను వదలదు. రాజాస్థానాల్లో వెలిగిన శ్రీనాథుడు చివరికాలంలో చేసిన సేద్యం వరదపాలై, పన్ను కట్టలేక పడిన అవస్థ ఆయన పేరుతో ఉన్న చాటువులో మనకు తెలుసు. రాజును నమ్ముకున్నవారికీ నేలను నమ్ముకున్నవారికీ కూడా వెనక ఏదో ఒకటి ఉంటేనే కావ్యం పూర్తయింది.

నేను వాడదలచిన మాట "వెసులుబాటు". దానిలో పుణ్యం లేదు, గొప్ప లేదు, తప్పూ లేదు. కొంచెం కాలం, కొంచెం చోటు, రెండు పనుల మధ్య కాస్త సందు. అది ఎవరికి ఎంత ఉందో కొలవవచ్చు, ఒకరి నుంచి ఒకరికి అందించవచ్చు కూడా.


నిశ్శబ్దం
సోమవారం, రాత్రి 11:55

"రెండు పనుల మధ్య కాస్త సందు" అన్నచోట చదవడం ఆపి కాసేపు కూర్చున్నాను.

నేను రాతతో బతకడం లేదు. ఆరేళ్ళుగా మంచంపట్టిన మా అత్తగారిని చూసుకుంటున్నాను. ఆవిడను రెండు గంటలకొకసారి పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, లేకపోతే వీపు మీద పుండ్లు పడతాయి. నేను పూర్తిచేసిన ఒకే ఒక్క కథ ఆ రెండేసి గంటల మధ్య తయారైంది. మందుల చీటీల వెనకవైపు రాసి, పిన్ను గుచ్చి, మాత్రల డబ్బాలో దాచేదాన్ని. మొత్తం పదహారు చీటీలు. అది అచ్చయ్యాక ఒక పెద్దాయన వాక్యాలు పొట్టిగా, బిగువుగా ఉన్నాయని, అదే నా శైలి అని మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. ఆయన మాటకు సంతోషించాను, కానీ ఆ వాక్యాల పొడవు చీటీ వెడల్పును బట్టి వచ్చింది. పెద్ద కాగితమూ పొడుగాటి మధ్యాహ్నమూ ఉంటే నా వాక్యం ఎలా ఉండేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంగ్లీషు రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ 1929లో, స్త్రీ రాయాలంటే ఏడాదికి 500 పౌండ్లూ, తలుపు వేసుకోగలిగే గదీ ఉండాలని అంది. అందరూ గది గురించే మాట్లాడతారు. నాకు మాత్రం డబ్బుతో పాటు ఆ తలుపు ముఖ్యమనిపిస్తుంది, ఎందుకంటే దాన్ని వేసుకున్నంతసేపు తలుపు అవతల పని ఇంకెవరో చేస్తూ ఉండాలి. అమెరికా రచయిత్రి టిల్లీ ఓల్సెన్ నలుగురు కూతుళ్ళను పెంచుతూ, కూలి పనులూ ఆఫీసు పనులూ చేస్తూ ఉండిపోయారు. ఆవిడ మొదటి పుస్తకం 1961లో వచ్చింది, అప్పటికి వయసు యాభైకి దగ్గరపడింది. రాయకుండా పోయిన ఏళ్ళ గురించే ఆవిడ తర్వాత ఒక పుస్తకం రాశారు. ఆ ఏళ్ళు ఎవరి లెక్కలోనూ ఉండవు. మనం ఇక్కడ లెక్కపెడుతున్నదంతా రాసినవాళ్ళనే.

రాత్రిబడి గారు చెప్పిన ఆ ముసలి పనివాడి దగ్గర నేను చాలాసేపు ఆగాను. మా ఇంట్లో పొద్దున్నే అందరినీ లేపేది నేనే. ఆవిడను తిప్పే వేళయింది, ఇక్కడితో ఆపుతున్నాను.


అంకెలు
మంగళవారం, ఉదయం 8:15

నిశ్శబ్దం గారు లెక్క గురించి చెప్పిన మాటకు ఒక ఆధారం జోడిస్తాను. బ్రిటన్‌లో రచయితలకు రావలసిన హక్కుల సొమ్మును వసూలు చేసి పంచే ఏఎల్‌సీఎస్ అనే సంస్థ, తమ సమయంలో సగానికి పైగా రాతకే ఇచ్చే రచయితల ఆదాయాన్ని కొన్నేళ్ళకొకసారి సర్వే చేయిస్తుంది. రాత వల్ల వారికి వచ్చే ఏడాది ఆదాయపు మధ్యగతం 2006లో 12,330 పౌండ్లు, 2018లో 10,497, 2022లో 7,000. మధ్యగతమంటే సగంమందికి అంతకన్నా తక్కువే వస్తుందని. ఆ దేశంలో ఆ సొమ్ముతో ఒంటరి మనిషి అద్దె కట్టి బతకడం సాధ్యం కాదు. అయినా పుస్తకాలు వస్తూనే ఉన్నాయి. కాబట్టి మిగిలిన ఖర్చు ఇంకెక్కడి నుంచో వస్తోంది: జీవిత భాగస్వామి జీతం, తల్లిదండ్రుల ఇల్లు, ఇంకో ఉద్యోగం, పాత పొదుపు.

ఆదాయం ఇలా తగ్గిపోతున్నకొద్దీ ముందుగా తప్పుకునేది ప్రతిభ తక్కువైనవారని అనుకోవడం పొరపాటు. ఆసరా తక్కువైనవారు ముందు వెళ్ళిపోతారు. మిగిలినవారు తమ పట్టుదల వల్లే మిగిలామని అనుకుంటారు, వెళ్ళిపోయినవారు తమలో లోపం వల్లే వెళ్ళిపోయామని అనుకుంటారు. చుక్కాని గారు కష్టార్జితమన్న మాటకు ఎందుకు అభ్యంతరం చెప్పారో ఈ అంకెలను చూసినప్పుడు నాకు ఇంకా బాగా తెలిసింది.

ఒక సంఘటన మాత్రం చెప్పకుండా ఉండలేను. అమెరికా రచయిత్రి హార్పర్ లీ న్యూయార్క్‌లో విమాన సంస్థలో టికెట్ల రిజర్వేషన్ గుమాస్తాగా ఉండేవారు. 1956 క్రిస్మస్‌కు ఒక స్నేహితుల జంట ఆవిడకు ఏడాది జీతానికి సరిపడే సొమ్ము కానుకగా ఇచ్చి, ఉద్యోగం మానేసి రాసుకోమన్నారు. ఆవిడ నవల 1960లో వచ్చింది. ఆ నవల ఎంత గొప్పదో లోకమంతా చెబుతుంది. ఆ ఏడాది లేకపోయినా అది వచ్చేదని ఎవరూ ధైర్యంగా చెప్పలేరు.


అచ్చుతప్పు
మంగళవారం, మధ్యాహ్నం 12:20

రాత్రంతా ఆలోచించాను. నిన్న నేను చెప్పినదానిలో కొంత భాగాన్ని సరిదిద్దుకోవాలి.

కొత్తవారికి నేనిచ్చే సలహా ఒకటుంది. సగం సొమ్ము ముందుగా తీసుకోండి, మిగతాది ఎప్పుడిస్తారో తేదీ రాయించుకోండి, కుదరదంటే పని వద్దనండి. ఇరవై రెండేళ్ళ అనుభవంతో చెప్పే సలహా అని గర్వంగానే ఇస్తూ వచ్చాను. కానీ నేను మొదటిసారి "వద్దు" అన్నది ఎప్పుడని నిన్న వెనక్కి చూసుకుంటే, అది పదిహేడో ఏట. మా అమ్మాయికి ఉద్యోగం వచ్చిన నెల. ఒక ప్రచురణకర్త ఫోన్ చేసి, యంత్రం చేసిన అనువాదాన్ని సరిదిద్దిపెట్టమని, మామూలు రేటులో సగం ఇస్తామని అన్నారు. యంత్రం రాసిన మూడు పేజీలు చదివితే ఒక్కో వాక్యాన్నీ మొదటి నుంచి మళ్ళీ రాయవలసినట్టుగానే ఉంది. వద్దన్నాను. ఫోన్ పెట్టేశాక నా చేయి వణకలేదు. అంతకు ముందు పదహారేళ్ళలో అలాంటి ఫోన్లు ఎన్నో వచ్చాయి, ప్రతిసారీ ఒప్పుకున్నాను. అప్పుడు ఒప్పుకున్నది ధైర్యం తక్కువై కాదు, మరుసటి నెల ఇంటి ఖర్చుకు డబ్బు లేక ఒప్పుకున్నాను.

కూలి అడగడం హక్కే, దానిలో మార్పు లేదు. కానీ ఆ హక్కును వాడుకోవడానికి కూడా వెసులుబాటు కావాలి. వద్దనగలిగినవాడే అడగగలడు, ఆగగలిగినవాడే వద్దనగలడు. ఈ సంగతి చెప్పకుండా కొత్తవారికి ఆ సలహా ఇస్తూ వచ్చినందుకు బాధగా ఉంది.


చుక్కాని
మంగళవారం, సాయంత్రం 5:35

అచ్చుతప్పు గారూ, మీ మాటతో మన మధ్య తగువు తీరిపోయింది. ఇక నాకు మిగిలిన ప్రశ్న ఒక్కటే. వెసులుబాటును అక్కలకూ భార్యలకూ స్నేహితులకూ వదిలేయాలా?

వదిలేయనక్కరలేదనడానికి కొన్ని దాఖలాలు ఉన్నాయి. గ్రంథాలయాల్లో తమ పుస్తకాలు ఉన్నందుకు, జనం వాటిని తీసుకుని చదువుతున్నందుకు రచయితలకు ప్రభుత్వం సొమ్ము చెల్లించే పద్ధతి డెన్మార్క్‌లో 1946లోనే మొదలైంది, బ్రిటన్‌లో 1979లో చట్టమైంది. వచ్చేది కొద్దిపాటి సొమ్మే అయినా అది చదువరుల లెక్కను బట్టి, ఎవరి సిఫారసూ లేకుండా వస్తుంది. ఐర్లాండ్ 2022లో ఇంకా ముందుకు వెళ్ళింది. రచయితలతో సహా 2,000 మంది కళాకారులకు మూడేళ్ళపాటు వారానికి 325 యూరోలు ఇచ్చే ప్రయోగం మొదలుపెట్టింది. అర్హులైనవారు ఎనిమిది వేలకు పైగా తేలారు. వారిలోంచి లాటరీ పద్ధతిలో ఎంపిక చేశారు. ఎవరు గొప్ప అని ఏ సంఘమూ కూర్చుని తేల్చలేదు. మిగిలిన ఆరు వేల మంది సంగతేమిటన్నది న్యాయమైన ప్రశ్నే. అయినా ఆ లాటరీలో నాకు ఒక నిజాయితీ కనిపిస్తుంది. మా గోదాములో నేను బయటపడి అతను ఉండిపోవడం కూడా లాటరీయే, కాకపోతే దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవలేదు.


నిశ్శబ్దం
మంగళవారం, రాత్రి 9:40

చుక్కాని గారూ, అలాంటి పథకంలో దరఖాస్తు చేయాలన్నా "నేను రచయితను" అని చూపించుకోవాలి. పదహారు చీటీల కథ ఒక్కటే ఉన్నవారు ఏం చూపిస్తారు? మొదటి వెసులుబాటు దొరికాక రెండోదానికి దారి తెరుచుకుంటుంది. ఆ మొదటిది ఎవరిస్తారన్నదే నాకు తెగని ప్రశ్న.


తెల్లకాగితం
బుధవారం, ఉదయం 6:30

అందరి మాటలూ రెండుసార్లు చదివాను. నిశ్శబ్దం గారి ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు, కానీ అది నన్ను నా లెక్కల పుస్తకం దగ్గరికి మళ్ళీ తీసుకువెళ్ళింది.

నిన్న రాత్రి కూర్చుని ప్రతి పేజీలోనూ నాలుగో గడి గీశాను. డబ్బు ఇస్తామన్న తేదీకీ చేతికందిన తేదీకీ మధ్య ఇల్లు ఎవరి సొమ్ముతో గడిచిందన్నది ఆ గడి. జ్ఞాపకం మీద ఆధారపడకుండా బ్యాంకు పుస్తకాలు పక్కన పెట్టుకుని, మొదటి మూడేళ్ళ వరకు పూర్తిచేయగలిగాను. ముప్పై ఆరు నెలల్లో ఇరవై రెండు నెలలు నా భర్త పేరు వచ్చింది. ఐదు నెలలు మా నాన్నగారి పేరు వచ్చింది. తొమ్మిది నెలలు మాత్రం నా పేరు రాసుకోగలిగాను. నేను ఇంతకాలం ఎవరు అడిగినా "మొదటి నుంచీ రాత మీదే బతికాను" అని చెబుతూ వచ్చాను. అబద్ధం చెప్పాలని చెప్పలేదు, నేను అలాగే నమ్మాను.

నా మొదటి కథా సంపుటం ఆ మూడో ఏటనే వచ్చింది. దాని ముందుమాటలో నాకు కథలు చెప్పిన వారికి, ప్రూఫులు దిద్దిన వారికి, ముఖచిత్రం వేసిన వారికి కృతజ్ఞతలు చెప్పాను. ఆ ఇరవై రెండు నెలల ప్రస్తావన అందులో లేదు. వచ్చే నెల ఆ పుస్తకం రెండో ముద్రణకు వెళ్తోంది. ముందుమాటకు ఒక పేరా చేర్చడానికి వీలవుతుందా అని ఈ ఉదయం ప్రచురణకర్తకు ఉత్తరం రాశాను. అదే ఉత్తరంలో, మొదటి ముద్రణ రాయల్టీలో రావలసిన బాకీ ఏ తేదీకి పంపుతారో కూడా అడిగాను. ఈసారి మర్యాదకు రెండు వాక్యాలే కేటాయించాను.

నిశ్శబ్దం గారూ, మీకు అభ్యంతరం లేకపోతే ఆ పదహారు చీటీల కథ ఎక్కడ అచ్చయిందో చెప్పండి, చదువుతాను. వారానికి ఒక మధ్యాహ్నం వచ్చి అత్తగారి దగ్గర కూర్చునేంత దగ్గరలో మీరు ఉన్నారో లేదో నాకు తెలియదు. ఉంటే మాత్రం, నాకు బుధవారాలు ఖాళీయే.